మా అబ్బాయి మెథడిస్టు పాస్టరు అవుతానంటున్నాడు, ఆపాలా పంపాలా?

ప్రశ్న: మాది జహీరాబాదు దగ్గర పల్లె. చాలా ఏళ్లుగా బెంగళూరులో, మారతహళ్లి వైపు ఉంటున్నాము. నేను పుట్టింటి నుంచీ మెథడిస్టు సంఘస్థురాలిని. మావారిది మెదక్ వైపు సి.ఎస్‌.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం. మా ఒక్కగానొక్క కొడుకుకు 27 ఏళ్లు, వైట్‌ఫీల్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఇప్పుడు ఉద్యోగం మానేసి క్రైస్తవ వేదాంత కళాశాలలో చేరతానని, మెథడిస్టు పాస్టరు అవుతానని అంటున్నాడు. మావారు వాడితో మాటలు మానేశారు. కానుకల మీద బతికే బతుకు మనకెందుకని ఆయన బాధ. మా అన్నయ్య మాత్రం, వాడి చదువుకూ ఇంగ్లీషుకూ పదేళ్లలో డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్ (జిల్లా సంఘాల పర్యవేక్షకుడు) అవుతాడు, ఆ తరువాత బిషప్పు కూడా అవుతాడు, ఆపవద్దని అంటున్నాడు. ఫ్లాటు లోను వాడి పేరు మీదే ఉంది. ఒక మంచి సంబంధం మాట అయింది గాని, అమ్మాయి వాళ్లకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. అసలు ఒక మెథడిస్టు సంఘ నాయకుడి జీవితం ఎలా ఉంటుంది? మేము వాడిని ఆపాలా, పంపాలా? (పేరు ప్రచురించవద్దని కోరిన ఒక తల్లి, బెంగళూరు)

సమాధానం:

అమ్మా, ప్రభువునందు వందనాలు. మీ వారికీ మీ అన్నయ్యగారికీ అభిప్రాయభేదం ఉన్నట్టు మీరు రాశారు గాని, ఉత్తరాన్ని మళ్లీ చదివితే ఇద్దరూ ఒకే లెక్క వేస్తున్నారని నాకు అనిపించింది. ఒకరు మొదటి నెల జీతం చూసి భయపడుతున్నారు, మరొకరు చివరి పదవిని చూసి సంబరపడుతున్నారు. పాస్టరు జీవితంలో ఈ రెండూ ఉన్న మాట నిజమే. అయితే మెథడిస్టు సేవకుడి బతుకును నిర్ణయించేది జీతమూ కాదు, పదవీ కాదు. తాను ఎక్కడ ఉండాలో, ఎవరి మధ్య పనిచేయాలో తాను నిర్ణయించుకోలేకపోవడమే దాన్ని నిర్ణయిస్తుంది. మీ అబ్బాయి దానికి మనస్ఫూర్తిగా ఒప్పుకోగలడా అన్నదే మీరు తేల్చుకోవలసిన విషయం. నా సమాధానమంతా దాని చుట్టూనే ఉంటుంది.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. మీ ఇంట్లోనే రెండు మెథడిస్టు ధారలు ఉన్నాయి, వాటిని కలగాపులగం చేసుకుంటే మీ అబ్బాయి ఏ తలుపు తట్టాలో తెలియకుండా పోతుంది. ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ (మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ ధారకు చెందిన) మిషనరీలు 1817లో జేమ్స్ లించ్ రాకతో మద్రాసులో పని మొదలుపెట్టారు, తరువాత బెంగళూరు, మైసూరు ప్రాంతాలకూ, ఇంకా తరువాత హైదరాబాదు సంస్థానానికీ విస్తరించారు. మెదక్ చర్చిని కట్టించిన చార్లెస్ పోస్నెట్ ఆ ధారకు చెందినవారే. కరవు రోజుల్లో చుట్టుపక్కల పల్లెల జనానికి కూలీ, కూడూ దొరికేలా సాగిన ఆ నిర్మాణం పూర్తయి, 1924 డిసెంబరు 25న ఆరాధనకు ప్రారంభమైంది. ఈ వెస్లియన్ సంఘాలన్నీ 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథెడ్రల్‌లో జరిగిన ఐక్యతతో సి.ఎస్‌.ఐ.లో కలిసిపోయాయి. కాబట్టి మీ వారి తాతముత్తాతలు కూడా మెథడిస్టులే అయి ఉండవచ్చు. ఆయనకు ఈ మాట గుర్తుచేయండి, కొంత మెత్తబడతారేమో.

మీ పుట్టింటి వారిది అమెరికా నుంచి వచ్చిన ధార. విలియం బట్లర్ 1856లో ఉత్తరాదిన బరేలీలో ఆ పనికి పునాది వేశారు. దక్షిణానికి దాన్ని తెచ్చినవారు విలియం టేలర్. ఆయన 1870లో ఈ దేశానికి వచ్చి, ఆ దశాబ్దంలో బొంబాయి, కలకత్తా, మద్రాసు, బెంగళూరు నగరాల్లో చేసిన సువార్త ప్రచారం వల్ల పుట్టిన సంఘాల్లో మన రిచ్మండ్ టౌన్ సంఘం ఒకటి. 1880లో మొదలైన బాల్డ్‌విన్ పాఠశాలలూ ఆ ధారలోనివే. ఈ సంఘాలు 1947 ఐక్యతలో చేరలేదు. 1981లో ఇవి స్వతంత్రమైన మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా ఏర్పడ్డాయి. మీ అబ్బాయి సభ్యత్వం ఇక్కడ ఉంది గనుక అతని దారి కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఆ దారి ఇలా ఉంటుంది. వేదాంత కళాశాలలో చేరగానే ఎవరూ పాస్టరు అయిపోరు. మొదట తన సొంత సంఘం అతన్ని గుర్తించి సిఫారసు చేయాలి, జిల్లా స్థాయిలో పెద్దలు అతన్ని పరీక్షించాలి, తరువాత రీజనల్ కాన్ఫరెన్సు (ప్రాంతీయ సభ) అతన్ని అంగీకరించాలి. చదువు విషయానికి వస్తే, వేదాంత పట్టాలిచ్చే సేరంపూర్ సెనేట్ కింద బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) పట్టా సాధారణ మార్గం. పట్టభద్రులకు అది నాలుగేళ్ల చదువు. మెథడిస్టు విద్యార్థులు జబల్‌పూర్‌లోని లియొనార్డ్ వేదాంత కళాశాలకు గానీ, హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలకు గానీ, మన మిల్లర్స్ రోడ్డులోని యునైటెడ్ థియొలాజికల్ కాలేజీకి గానీ వెళ్లడం చూస్తాము. చదువు ముగిసిన తరువాత కొంతకాలం పరీక్షాకాలం ఉంటుంది, ఆపైన డీకన్‌గా, ఆ తరువాత ఎల్డర్‌గా అభిషేకం జరుగుతుంది. అంటే ఈ రోజు బయలుదేరినా, పూర్తి స్థాయి పాస్టరుగా నిలబడేసరికి అతనికి 33, 34 ఏళ్లు వస్తాయి. తొందరపడి ఎవరూ ఏదీ తెంచుకోనక్కరలేదని చెప్పడానికే ఈ లెక్క ఇచ్చాను.

ఇప్పుడు అసలు సంగతి, బదిలీ. మెథడిస్టు సంఘంలో పాస్టరును ఎక్కడ ఉంచాలో బిషప్పు గారు నిర్ణయిస్తారు. కాన్ఫరెన్సు చివర అపాయింట్‌మెంట్లు చదువుతుంటే, భార్యాబిడ్డలతో వచ్చి కూర్చున్న పాస్టర్లు తమ పేరు పక్కన ఏ ఊరి పేరు వస్తుందో అని చెవులు రిక్కించుకుని వింటారు. ఈ పద్ధతి పరిపాలన సౌకర్యం కోసం నిన్న మొన్న పుట్టింది కాదు. జాన్ వెస్లీ తన ప్రసంగీకులను ఒకచోట స్థిరపడనివ్వలేదు, తాను కూడా స్థిరపడలేదు. ఒకే ఊళ్లో ఏడాది పొడుగునా ప్రసంగిస్తే తానూ నిద్రపోతానని, సంఘాన్నీ నిద్రపుచ్చుతానని ఆయన ఒక ఉత్తరంలో రాసుకున్నారు. వెస్లీ పంపగా 1771లో అమెరికాకు వెళ్లిన ఫ్రాన్సిస్ ఆస్బరీ 1816లో కన్నుమూసే వరకు సొంత ఇల్లు లేకుండా, పెళ్లి లేకుండా గుర్రం మీదే తిరిగారు. గుర్రాలు పోయాయి గాని, ఆ కట్టుబాటు మాత్రం మిగిలింది.

బెంగళూరులో పెరిగిన పిల్లవాడికి ఇది ఎంత కష్టమో మీరు ఊహించుకోవాలి. మన దక్షిణ కాన్ఫరెన్సు పరిధిలో బెంగళూరు వంటి నగర సంఘాలు కొన్నే, పల్లె, పట్టణ సంఘాలు ఎక్కువ. రేపు కోలారు వైపు పంపవచ్చు. అక్కడ మెథడిస్టుల పాత ఆసుపత్రి ఉంది, వీధిలో తెలుగు కూడా వినిపిస్తుంది, కొంత నయమే. ఎల్లుండి ఉత్తర కర్ణాటకలో ఒక పట్టణానికి పంపవచ్చు. అక్కడ ప్రసంగం కన్నడంలో చేయాలి, సమాధి కార్యక్రమం కన్నడంలో జరపాలి, భార్యాభర్తల గొడవ తీర్చేటప్పుడు వాళ్ల మాటలోని ఎత్తిపొడుపు కూడా అర్థం కావాలి. మీ అబ్బాయికి ఆఫీసులో, ఆటోలో సరిపోయే కన్నడం వచ్చి ఉంటుంది. ఒక తల్లి తన బిడ్డ శవం పక్కన కూర్చుని మాట్లాడే కన్నడం వేరు. అతనికి తెలుగు సంఘాల్లోనే పనిచేయాలని ఉంటే, హైదరాబాదు కాన్ఫరెన్సు సంగతి ముందే తన పాస్టరు గారితో మాట్లాడి తెలుసుకోవాలి. చదువు పూర్తయ్యాక మాట్లాడుకోవచ్చని వదిలేయకూడదు.

పని ఏమిటంటారా? ఆదివారం ప్రసంగం మనకు కనిపించే భాగం, అది చాలా చిన్న భాగం. మిగిలిన వారమంతా రోగులను చూడడం, ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేయడం, బాప్తిస్మానికీ పెళ్లికీ సిద్ధం చేయడం, అర్ధరాత్రి చావు కబురు వస్తే బయలుదేరడం, ఆపైన సంఘపు లెక్కలు, కాంపౌండు గోడ, కరెంటు బిల్లు, పాస్టరేట్ కమిటీలో ఏళ్ల తరబడి పలకరింపులు లేని ఇద్దరు పెద్దల మధ్య కూర్చోవడం, ఇవన్నీ ఉంటాయి. మిషన్ కాలం నుంచి వచ్చిన స్థలాలూ భవనాలూ ఉన్న చోట వాటి కోసం తగాదాలు, కోర్టు వాయిదాలు కూడా ఉంటాయి. ఈ మాట దాచిపెట్టి మీ అబ్బాయిని పంపమనడం నాకు అన్యాయంగా తోస్తుంది. మంచి ప్రసంగీకులు ఎందరో ఈ గొడవల్లో నలిగి, ప్రార్థన చేసుకునే తీరిక కూడా లేకుండా పోవడం నేను దగ్గరగా చూశాను. అలాగే, ఏ పేరూ ప్రతిష్ఠా లేని పాస్టరు ఒకరు ఊరు వదిలి వెళ్తుంటే, మన మతం కాని ఇరుగుపొరుగు కూడా లారీ దగ్గర నిలబడి కంటతడి పెట్టడమూ చూశాను.

మీ అన్నయ్యగారు చెప్పిన పదవుల విషయం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ ఆశ మీ అబ్బాయి మనసులోకి కూడా చేరి ఉంటే, అతనికి అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది అదే. డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్ అంటే సీనియారిటీ మీద వచ్చే ప్రమోషను కాదు. బిషప్పు గారు కొందరు పాస్టర్లకు కొంతకాలం అప్పగించే బాధ్యత అది. ఆ కాలం ముగిసిన తరువాత ఆయన మళ్లీ మామూలు సంఘానికి పాస్టరుగా వెళ్లడం సహజం. బిషప్పును జనరల్ కాన్ఫరెన్సు ఎన్నుకుంటుంది. అంటే దేశం నలుమూలల నుంచి వచ్చిన పాస్టర్లు, సంఘస్థులు ఓటు వేస్తారు. ఇంగ్లీషు బాగా వచ్చినంత మాత్రాన, పెద్ద చదువు చదివినంత మాత్రాన అది రాదు. ఓటు ఉన్నచోట ఓటు రాజకీయం కూడా వస్తుంది, దానికోసం బతుకంతా మలచుకున్నవారు ఎన్నికైనా కాకపోయినా పోగొట్టుకునేది ఎక్కువ.

మెథడిస్టు చరిత్రలో ఆ కుర్చీని వద్దన్నవారి కథలు నాకు ఎప్పుడూ ధైర్యం ఇస్తాయి. స్వయంగా వెస్లీయే 1788లో ఆస్బరీకి రాసిన ఉత్తరంలో, జనం తనను మూర్ఖుడన్నా, మోసగాడన్నా ఫరవాలేదు గాని, బిషప్పు అని పిలవడానికి మాత్రం తాను ఎన్నటికీ ఒప్పుకోనని మందలించారు. మన దేశంలో 1907 నుంచి పనిచేసిన ఇ. స్టాన్లీ జోన్స్‌ను 1928లో అమెరికాలో జరిగిన జనరల్ కాన్ఫరెన్సు బిషప్పుగా ఎన్నుకుంది. అభిషేకం జరగకముందే, మరునాడే ఆయన లేచి రాజీనామా ఇచ్చి, తన పిలుపు సువార్తికుడిగా ఉండడమేనని చెప్పి భారతదేశానికి తిరిగి వచ్చారు. తరువాత రెండేళ్లకు, 1930లో, సత్తాల్ ఆశ్రమం ప్రారంభించారు. గాంధీజీతో స్నేహం చేశారు, ఆయన గురించి పుస్తకం రాశారు, 1973లో బరేలీలోనే కన్నుమూశారు. ఆయన అల్లుడు జేమ్స్ మాథ్యూస్‌ను 1956లో దక్షిణాసియా మెథడిస్టులు బిషప్పుగా ఎన్నుకుంటే, ఆ స్థానంలో భారతీయుడు ఉండాలని చెప్పి ఆయన కూడా నిరాకరించారు. అయితే నాలుగేళ్ల తరువాత అమెరికాలో ఎన్నికైనప్పుడు అంగీకరించారు, అందులో తప్పేమీ లేదు. ఎప్పుడు కాదనాలో, ఎప్పుడు ఔననాలో తెలిసిన మనిషి ఆయన.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. పదవిని కాదనడం అందరికీ ఒకేలా అందుబాటులో లేదు. బట్లర్ బరేలీకి వచ్చిన 1856 నుంచి లెక్కపెడితే, ఒక భారతీయుడు మెథడిస్టు బిషప్పు కావడానికి ఏడు దశాబ్దాలు దాటింది. 1930లో ఎన్నికైన జశ్వంత్ రావు చితంబర్ ఆ మొదటి వ్యక్తి. లక్నో క్రిస్టియన్ కాలేజీకి తొలి భారతీయ ప్రిన్సిపాలుగా పనిచేసి ఆ బాధ్యతకు వచ్చిన చితంబర్ కుర్చీని కాదని ఉంటే, ఆ తలుపు ఇంకెన్నాళ్లు మూసి ఉండేదో. కాబట్టి మీ అబ్బాయికి నాయకత్వం మీద ఆశ ఉండడం పాపమని నేను అనడం లేదు. మన తెలుగు సంఘాల్లో, అందులోనూ పల్లెల నుంచి, అణగారిన కులాల నుంచి వచ్చినవారి బిడ్డలు బాగా చదువుకుని నాయకులు కావడం చాలా అవసరం. ఆ ఆశే తొలి కారణం అయితే మాత్రం, మొదటి బదిలీలో అది విరిగిపోతుంది.

మన ఊరితో సంబంధం ఉన్న ఒక ఉదాహరణ మీ అబ్బాయికి చెప్పండి. శ్రీలంకలోని జాఫ్నా ప్రాంతంలో 1908లో పుట్టిన డి.టి. నైల్స్ 1929 నుంచి 1933 వరకు ఈ మిల్లర్స్ రోడ్డు కాలేజీలోనే చదువుకున్నారు. తిరిగి వెళ్లి సిలోను (నేటి శ్రీలంక) మెథడిస్టు సంఘంలో పనిచేస్తూ, 40 ఏళ్ల వయసులో, 1948లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన ప్రపంచ సంఘాల మండలి తొలి మహాసభ ప్రారంభ ఆరాధనలో ప్రసంగించారు. 1957లో రూపుదిద్దుకున్న తూర్పు ఆసియా క్రైస్తవ సమాఖ్యకు తొలి ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1968లో ఉప్సాలాలో జరిగిన అదే మండలి మహాసభలో మార్టిన్ లూథర్ కింగ్ చేయవలసిన ప్రారంభ ప్రసంగాన్ని, కింగ్ హత్యకు గురైన కారణంగా, ఈయన చేశారు. అదే కాలంలో తన దేశపు మెథడిస్టు సంఘానికి అధ్యక్షుడు కూడా అయ్యారు. 1970లో వేలూరు ఆసుపత్రిలో కన్నుమూశారు. ఇంత పెద్ద జీవితమున్న మనిషి సువార్తను వివరించిన తీరు ప్రపంచమంతటా తెలిసినదే: తిండి ఎక్కడ దొరుకుతుందో ఒక బిచ్చగాడు మరొక బిచ్చగాడికి చెప్పడం వంటిది అని. అంత ఎత్తుకు ఎదిగిన మనిషి తనను ఆ బిచ్చగాళ్లలో ఒకడిగానే చూసుకున్నాడు. మీ అన్నయ్యగారు లెక్కపెట్టే మెట్లలో ఇది ఎక్కడా లేదు.

డబ్బు విషయంలో మీ వారి ఆందోళనను నేను తీసిపారేయను. విలియం టేలర్ మొదటి నుంచీ పట్టుబట్టినది ఏమిటంటే, విదేశీ మిషను సొమ్ము మీద ఆధారపడకుండా స్థానిక సంఘాలే తమ పాస్టరును పోషించుకోవాలని. ఆ సూత్రం గౌరవప్రదమైనది. దాని ఫలితం ఏమిటంటే, సంఘం కలిగినదైతే పాస్టరు కొంత సుఖంగా ఉంటాడు, కూలీల సంఘమైతే కూలీల లాగానే ఉంటాడు. ఉండడానికి పార్సొనేజీ (పాస్టరుకు సంఘం ఇచ్చే ఇల్లు) ఇస్తారు గాని, అది సొంతిల్లు కాదు, పదవీ విరమణ రోజున ఖాళీ చేయాలి. మీ అబ్బాయి ఇప్పటి జీతంతో పోల్చుకునే ప్రశ్నే లేదు. ఈ తేడాను అతను అంకెల్లో రాసుకుని చూశాడా అని అడగండి. ఆవేశంలో ఒప్పుకున్న పేదరికం అయిదేళ్లకు చేదుగా మారుతుంది, ఆ చేదు ఇంట్లో వాళ్ల మీదికి వస్తుంది.

లోను గురించి నా అభిప్రాయం కచ్చితంగా చెబుతాను. వెస్లీ తన ప్రసంగీకులను చేర్చుకునేటప్పుడు అడిగిన ప్రశ్నలు అమెరికా మెథడిస్టు ధారలో తరతరాలుగా వస్తున్నాయి. పిల్లలకు శ్రద్ధగా బోధిస్తావా, ఇంటింటికీ వెళ్లి దర్శిస్తావా అన్న ప్రశ్నల మధ్యనే, నీ పనికి ఇబ్బంది తెచ్చేటంత అప్పు నీకు ఉందా అన్న ప్రశ్న కూడా ఉంది. దాదాపు మూడు వందల ఏళ్ల కిందటి మనిషికి కూడా, అప్పున్న సేవకుడు ధనవంతుడి ముందు నోరు విప్పలేడని తెలుసు. ఫ్లాటు అమ్ముతారో, అద్దెకిచ్చి వాయిదాలు కడతారో, మీ వారు లోను తన పేరుకు మార్చుకుంటారో అది మీ ఇంటి నిర్ణయం. కాని ఆ లోను మీ అబ్బాయి మెడకు ఉండగా అతను కళాశాలలో చేరకూడదు. దాన్ని తీర్చడానికి మరో రెండేళ్లు ఉద్యోగం చేయవలసి వస్తే చేయనివ్వండి. నిజమైన పిలుపు రెండేళ్లలో ఆరిపోదు.

ఈలోగా అతను ఊరకే ఉండనక్కరలేదు. మీ సంఘంలో లోకల్ ప్రీచరుగా (తన పని చేసుకుంటూనే ప్రసంగించే సంఘస్థుడిగా) శిక్షణ తీసుకోమనండి. వెస్లీ ఉద్యమం నిలిచింది పట్టాలు పొందిన పాస్టర్ల మీద మాత్రమే కాదు, పగలు తమ పని చేసుకుంటూ సాయంత్రం పది పన్నెండు మందిని కూర్చోబెట్టుకుని ఒకరి యోగక్షేమాలు ఒకరు అడిగే క్లాసు కూటాల మీద. ఆ కూటాలు 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థనా మందిరపు అప్పు తీర్చడానికి వారానికి ఒక పెన్నీ వసూలు చేసే ఏర్పాటుగా మొదలయ్యాయి. ఇంటింటికీ వెళ్లిన మనిషికి ఆ ఇళ్ల కష్టసుఖాలు తెలియడంతో అవి ఆత్మల సంరక్షణగా మారాయి. మన ఊళ్లో కట్టడాల పనికి రాయలసీమ నుంచి, పాలమూరు నుంచి వచ్చి రేకుల షెడ్లలో ఉండే తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లలో క్రైస్తవులూ ఉంటారు, ఆదివారం పెద్ద చర్చికి రావడానికి బట్టలు చూసుకుని సిగ్గుపడేవారూ ఉంటారు. మీ అబ్బాయిని ఒక ఏడాది పాటు ప్రతి వారం అటువంటి ఒక చోటికి వెళ్లమనండి. స్టేజీ ఉండదు, మైకు ఉండదు, ఫొటోలు ఉండవు. పిల్లలకు అక్షరాలు నేర్పడం, జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లడం, అడిగితే ప్రార్థన చేయడం. దానితో పాటు పాస్టరేట్ కమిటీ సమావేశాల్లో వెనుక కూర్చోవడానికి అనుమతి అడగమనండి. ఏడాది తరువాత కూడా అతనికి ఇదే పని చేయాలని ఉంటే, పెద్దలు సిఫారసు చేయడానికి వెనుకాడరు, మీరూ వెనుకాడవద్దు. పల్పిటు మీద మాట్లాడాలన్న ఆశ మాత్రమే అయితే అది కూడా ఆ ఏడాదిలో తేలిపోతుంది. అప్పుడు ఉద్యోగం చేసుకుంటూనే మంచి సంఘపెద్దగా ఉండవచ్చు, అదీ గౌరవమైన సేవే.

ఇక పెళ్లి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టినది, అమ్మాయి వాళ్లకు ఇంకా చెప్పలేదన్న మాట. వెస్లీ వంటి మహానుభావుడు 1751లో మేరీ వాజీల్ అనే వితంతువును పెళ్లి చేసుకుని, తన ప్రయాణాలు ఒక్కటి కూడా తగ్గించుకోలేదు. ఆ కాపురం ఇద్దరికీ నరకమై, చివరికి ఆమె ఇల్లు విడిచి వెళ్లింది. తప్పంతా ఆమెదేనని మెథడిస్టులు చాలాకాలం చెప్పుకున్నారు గాని, నాకు అది అన్యాయమనిపిస్తుంది. స్టాన్లీ జోన్స్ కూడా ఎప్పుడూ తిరిగే మనిషే. ఆయన భార్య మేబెల్ అంతకుముందే లక్నోలో బోధించిన అధ్యాపకురాలు. పెళ్లయిన తరువాత సీతాపూర్‌లో మగపిల్లల బడిని తానే నడిపించారు. ఆమెకు తనదైన పని ఉంది, ఆ జీవితాన్ని తెలిసి ఎంచుకున్నారు. అందుకే ఆ కాపురం నిలిచింది. ఆ అమ్మాయికి కూడా తెలిసి ఎంచుకునే హక్కు ఉంది. సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు ఇస్తున్నామనుకుని పెళ్లి చేసిన తల్లిదండ్రులకు రెండేళ్ల తరువాత పార్సొనేజీ చూపించడం మోసమే అవుతుంది, దానిని దేవుని చిత్తమని పిలవకూడదు.

పెద్దలు మధ్యవర్తి చేత కబురు పంపడం కాకుండా, మీ అబ్బాయే ఆ అమ్మాయితో నేరుగా మాట్లాడాలి. బదిలీలు, జీతం, నాలుగేళ్ల చదువు, ఆమె ఉద్యోగం ఏమవుతుంది, పిల్లల చదువు ఎక్కడ, అన్నీ చెప్పాలి. పాస్టరమ్మ అంటే జీతం లేని రెండో పాస్టరు అని సంఘం అనుకుంటుందని కూడా చెప్పాలి. వీలైతే ఆమెను, మిమ్మల్ని మీ పాస్టరు గారి భార్యతో ఒక పూట కూర్చోబెట్టండి. నేను రాయలేనివి ఆమె చెబుతారు. ఆ అమ్మాయి కాదంటే నిష్ఠూరం లేకుండా విడిచిపెట్టండి.

మీ వారి మౌనం గురించి మీరు నన్ను అడగలేదు గాని, ఒకటి సూచిస్తాను. ఆయనను ఒప్పించే బాధ్యత మీరు నెత్తిన వేసుకోకండి. లోను లెక్క, ఏడాది సేవ ప్రణాళిక కాగితం మీద రాసుకుని మీ అబ్బాయే తండ్రి దగ్గరకు వెళ్లాలి. తన జీతంతో ఈ ఇల్లు నిలబెట్టిన మనిషికి, ఇల్లు కూలిపోదని కొడుకు నోట వినే హక్కు ఉంది. ఆయన వెంటనే ఒప్పుకోకపోయినా, లెక్క సరిచూడడానికైనా నోరు విప్పుతారు. అమ్మాయి వాళ్లకు చెప్పే పని మాత్రం ఆ తరువాతికి వాయిదా వేయవద్దు, ఈ వారంలోనే కానివ్వండి.